నలభై ఏడో ప్రశ్న

మా ఇంట్లో ఆ గొడవ ఒక మొల దగ్గర మొదలైంది. వంటింట్లో పొయ్యికి ఎడమ పక్క గోడకు ఉండే మొల. దానికి పిండి జల్లెడ వేలాడేది. ఆ గురువారం పొద్దున చూస్తే జల్లెడ అటక మీద బోర్లా పడి ఉంది. మొలకు కొత్త గోడ గడియారం వేలాడుతోంది.

"గీ మొలకున్న జల్లెడ ఎవలు తీసిండ్రు?" అని మా అత్తగారు రుక్మిణమ్మ నన్నడిగారు. ఎవరు తీశారో ఆవిడకు తెలుసు. సమాధానం తెలిసిన ప్రశ్నలు కూడా మా ఇంట్లో కోడలినే అడుగుతారు.

తీసింది తానేనని మా ఆయన కరుణాకర్ రావు ముందు గదిలోంచే ఒప్పుకున్నారు. పరిశోధన కోసమట. పొగకు ఆ గడియారం రెండు నెలలైనా నడవదనీ, అటక మీది జల్లెడలో బల్లి పడితే ఆ పిండి రొట్టెలు పరిశోధన చేసేవాళ్లకే పెడతాననీ అత్తగారు అన్నారు. ఇంకో మొల కొట్టుకుంటే పోయేదానికి ఇంత రాద్ధాంతం ఎందుకని మా ఆయన. ఆ మాట విని, వాకిట్లో పేపరు చదువుతున్న మా మామగారు జలపతి రావు గారు లోపలికి వచ్చారు. అది అద్దె ఇల్లు. మొల కొట్టాలంటే ఇంటివాణ్ని అడగాలి. ఆ ఇంటివాడి తండ్రి ఒకప్పుడు మామగారి ముందు చెప్పులు చేత పట్టుకుని నడిచిన మనిషి.

"గడీల ఉన్నన్ని దినాలు ఒక్క మొల కోసం గింత పంచాది లేకుండె" అని మామగారు నిట్టూర్చారు.

సారంగాపూర్ దగ్గరి మా ఊళ్లో కోటలాంటి మా దొరల గడీకి తాళం వేసి మా వాళ్లు జగిత్యాలకు వచ్చి అప్పటికి ఆరేళ్లు. ఎందుకు వచ్చామో ఇంట్లో ఎవరూ పైకి అనరు. చుట్టాలు అడిగితే అమ్మాయి చదువు కోసం అని చెబుతాం. వచ్చేనాటికి మా సుమిత్రకు ఏడాది నిండలేదు.

మా ఆయన జగిత్యాలలోనే ఒక ప్రైవేటు కాలేజీలో అర్థశాస్త్రం చెబుతారు. ఆ ఏడాది, అంటే ఎనభై ఐదులో, డాక్టరేట్ కోసం పేరు నమోదు చేసుకున్నారు. కుటుంబంలో ఎవరు ఎంత పని చేస్తారు, ఏం తింటారు, ఎవరు నిర్ణయాలు తీసుకుంటారు అన్నది విషయం. జగిత్యాలలో ముప్పై, కోరుట్లలో ముప్పై, సిరిసిల్లలో ముప్పై, మొత్తం తొంభై ఇళ్లు తిరగాలి. నూట పన్నెండు ప్రశ్నల పత్రాన్ని వారి ప్రొఫెసర్ గారు తయారు చేసి ఇచ్చారు. ఆయన బ్రహ్మచారి, హోటల్లో భోజనం చేస్తారు. కుటుంబాన్ని ఇంత నిష్పక్షపాతంగా అధ్యయనం చేయగలిగినవారు మరొకరు ఉండరని మా ఆయనకు గట్టి నమ్మకం.

మొదటి నమూనా మా ఇల్లే. ఆడవాళ్ల పనికి పట్టే సమయం రాయడానికి గడియారం వంటింట్లో ఉండాలని ప్రొఫెసర్ గారు రాశారట. నేను పిండి కలుపుతుంటే మా ఆయన పీట వేసుకుని కూర్చుని పత్రం నింపారు. భార్య వృత్తి: గృహిణి. ఉత్పాదకమైన పని: లేదు. మధ్యలో టీ అడిగారు. పెట్టి ఇచ్చాను. ఆ టీ ఏ గడిలోనూ పడలేదు. నేను హైదరాబాదులో హాస్టల్లో ఉండి బి.ఏ. చదివాను, అందులోనూ అర్థశాస్త్రమే. అయినా చదువు గడి తర్వాత వృత్తి గడి వస్తుంది కాబట్టి ఆ సంగతి త్వరగానే ముగిసింది.

కుటుంబంలో నిర్ణయాలు ఎవరు తీసుకుంటారన్న ప్రశ్న దగ్గర మామగారు అందరి తరఫునా జవాబు చెప్పారు: "నేను." అందులో అబద్ధం లేదు. మా ఇంట్లో ఏ నిర్ణయమైనా మధ్యాహ్నం భోజనంలో, మజ్జిగన్నం కలుపుకునే వేళకు, మామగారి నోటి నుంచే వస్తుంది. అంతకు ముందు అది వంటింట్లో పుట్టి, బియ్యంలో రాళ్లు ఏరేటప్పుడు అత్తగారి చెవిన పడి, శనివారం తలంటుకు నూనె పెట్టేటప్పుడు మామగారి తలలోకి ఎక్కుతుంది. అప్పుడాయన తల అత్తగారి రెండు చేతుల్లో ఉంటుంది. ఒకటి రెండు రోజుల్లో అది ఆయన సొంత ఆలోచనగా బయటికి వస్తుంది. ఈ దారి ఏ గడిలో రాయాలో పత్రంలో లేదు.

నలభై ఏడో ప్రశ్న ఇదీ: "గత ముప్పై రోజుల్లో, కుటుంబ సభ్యులు కానివారు మీ ఇంట్లో ఎన్ని భోజనాలు చేశారు?"

"సున్న రాయి" అన్నారు మామగారు.

అంతకు ముందు రోజు బుధవారం. ప్రతి బుధవారం మధ్యాహ్నం ఒక పోలీసు అధికారి మామూలు బట్టల్లో మా ఇంటికి భోజనానికి వచ్చేవారు. మేమాయన్ని బుధవారం సారు అనేవాళ్లం. ఆయన జీపు మా సందు మొదట్లో ఆగితే మామగారికి వారమంతా నిద్ర పట్టేది. కానీ ఆ భోజనం సంగతి కాగితం మీదికి ఎక్కి, ఆ కాగితం ఎవరి చేతుల్లోనో పడి, అడవిలో ఉన్నవాళ్ల దాకా వెళితే ఆ నిద్రే ఉండదు. అందుకని నాలుగు బుధవారాలు, నాలుగు కోళ్లు కలిసి సున్నా అయ్యాయి. మా ఆయన తల వంచుకుని సున్నా చుట్టారు.

గడియారం మూడో రోజుకే ముందు గదిలోకి మారింది. టీ ఎన్ని నిమిషాలు ఆలస్యమైందో మామగారికి తెలియడానికి పనికొచ్చింది. జల్లెడ మొల మీదికి తిరిగి వచ్చింది.

*

తర్వాత అసలు సర్వే మొదలైంది, రెండో రోజే ఆగింది. మా ఆయన ఏ వాకిట్లో అడుగు పెట్టినా లోపలి మాటలు ఆగిపోయేవి. దొర కొడుకు కాగితాలు పట్టుకుని వచ్చి ఎంత భూమి ఉంది, ఇంట్లో ఎంతమంది ఉన్నారు అని అడుగుతుంటే, ఇది పరిశోధన అని నమ్మడానికి ఎవరూ సిద్ధంగా లేరు. పైగా మగవాళ్లు వాకిట్లో కూర్చుని ఆడవాళ్ల పని గురించి జవాబులు చెప్పేవారు. కోరుట్లలో దుర్గయ్య అనే ఆయన, తన భార్య ఏ పనీ చేయదని చెబుతూ ఉంటే, ఆమె వెనక అరుగు మీద చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతూనే ఉందట. రోజుకు ఎనిమిది వందల బీడీలు. మా ఆయన "పని లేదు" అని రాసుకుని వచ్చారు. ఆమె చేతులు చూశారా అని అడిగితే, పరాయి ఆడవాళ్లను చూడకూడదు కదా అన్నారు.

అలా నేను అవసరమయ్యాను. ఇంటి కోడలు ఊళ్లు తిరగడమేమిటని అత్తగారు మొదట అన్నారు. నేను బియ్యంలో రాళ్లు ఏరుతూ, కొడుకు డాక్టరు రావు అయితే ఆవిడకూ ఎంత మర్యాదో చెప్పాను. శనివారం వచ్చింది, వెళ్లింది. ఆదివారం మజ్జిగన్నం దగ్గర, ఊర్మిళ కూడా తోడు పోతే బాగుంటుందని తనకు రాత్రి తోచిందని మామగారు ప్రకటించారు.

మేం బస్సుల్లో తిరిగాం. మా ఆయన వాకిట్లో మగవాళ్లను నూట పన్నెండు ప్రశ్నలూ అడుగుతుంటే నేను లోపల ఆడవాళ్ల దగ్గర కూర్చునేదాన్ని. రెండుసార్లు దారిలో పోలీసులు బస్సు ఆపి పత్రాలన్నీ తిరగేశారు. ఇంత విసుగు పుట్టించే కాగితాల్లో కుట్ర ఉండదని తేల్చి తిరిగి ఇచ్చేశారు.

నలభై ఏడో ప్రశ్నకు అన్ని ఇళ్లలోనూ ఒకటే జవాబు. సిరిసిల్లలో సాయిలు అనే ఆయన ఇంట్లో రెండు సాంచాలు నడుస్తున్నాయి. మరమగ్గాలను అక్కడ అలాగే అంటారు. ఆ చప్పుడులో మా ఆయన ప్రశ్న రెండుసార్లు గట్టిగా చదవాల్సి వచ్చింది. "మాకు సుట్టాలే లేరు సారూ" అన్నాడు సాయిలు. అప్పుడే అతని బావమరిది లోపలి నుంచి మూతి తుడుచుకుంటూ వచ్చి, వీళ్లెవరని అడిగి, మళ్లీ లోపలికి వెళ్లాడు. మా ఆయన సున్నా చుట్టారు.

ఆ రోజుల్లో మా వైపు ఆ ప్రశ్న ప్రొఫెసర్ గారికన్నా ముందే అందరినీ అడిగినవాళ్లు ఉన్నారు. మీ ఇంట్లో ఎవరు తిన్నారు, ఎందరు తిన్నారు, ఎన్నిసార్లు తిన్నారు అని. వాళ్లు పత్రంతో కాదు, జీపుల్లో వచ్చేవారు. జవాబు చెప్పేదాకా వెళ్లేవారు కాదు. కాబట్టి ఆ ప్రశ్నకు సరైన జవాబు ఏమిటో ఈ మూడు ఊళ్లలో చిన్న పిల్లలకు కూడా తెలుసు.

తొంభై ఇళ్లలో తొంభై సున్నాలు. ప్రొఫెసర్ గారు పొంగిపోయి ఉత్తరం రాశారు. వ్యాపార పంటల వల్ల, బీడీ కార్ఖానాల వల్ల, గల్ఫు వలసల వల్ల ఈ ప్రాంతంలో అతిథి మర్యాద పూర్తిగా అంతరించిందనడానికి ఇంతకన్నా నిదర్శనం ఉండదట. దీన్ని ఒక అధ్యాయంగా రాయమన్నారు. మా ఆయన ఆ ఉత్తరం నాకు చదివి వినిపిస్తున్నప్పుడు ఇంట్లో ఆయన పిన్ని కొడుకులు ఇద్దరు వారం రోజులుగా ఉన్నారు. వాళ్లకు రెండోసారి కూర వడ్డించి వచ్చి మిగతా సగం విన్నాను.

*

నేను తప్పు చేసింది ఇక్కడే.

లోపల ఆడవాళ్లతో నేను సర్వే మాటలు మాట్లాడేదాన్ని కాదు. వంట మాటలు మాట్లాడేదాన్ని. పాత బియ్యమా, కొత్త బియ్యమా, ఎసరు ఎంత పెడతావు, ఎన్ని తవ్వలు పోస్తావు అని. ఆ మాటకు ఎవరూ ఆలోచించి జవాబు చెప్పరు. అన్నం గురించి అడిగితే చేతే జవాబు చెబుతుంది. ఇద్దరికి సోలెడు బియ్యం చాలు, తవ్వంటే నలుగురికి. ముగ్గురు ఉన్న ఇంట్లో "ఒక్కోనాడు రెండు తవ్వలు" అంటే, ఆనాడు ఇంకో అయిదుగురు తిన్నారని చెప్పడానికి బి.ఏ. అక్కర్లేదు.

చెప్పడానికి అక్కర్లేదు. రాయడానికి మాత్రం నా చదువు అడ్డం వచ్చింది. తొంభై సున్నాలు చూస్తూ ఊరుకోలేకపోయాను. తప్పు లెక్క కళ్ల ముందు ఉంటే, ముగ్గు మధ్యలో ఒక చుక్క తప్పినట్టు, నాకు తోచదు. సుమిత్ర ఒకటో తరగతి నోటుబుక్కు ఒకటి సగం ఖాళీగా ఉంది. వెనక నుంచి తిప్పి అందులో రాయడం మొదలుపెట్టాను. ఇంటి నంబరు, ఇంట్లో మనుషులు, మామూలుగా పోసే బియ్యం, ఒక్కోనాడు పోసే బియ్యం. ఎవరు తిన్నారో రాయలేదు, అడగలేదు కూడా. తొంభైలో ఇరవై రెండు ఇళ్లలో బియ్యం ఎక్కువ పడుతోంది.

మొదటి పేజీలో మా ఇల్లే రాశాను. లెక్క అంటే అందరికీ ఒకటే ఉండాలి కదా. మనుషులు అయిదుగురు. బుధవారం ఒకరు ఎక్కువ. ఆ ఒక్కరికి సోలెడు పూర్తిగా.

పదిహేడో ఇల్లు సత్తవ్వది. మా ఇంట్లో గిన్నెలు తోమి, వాకిలి ఊడ్చి, పొద్దు గుంకే లోపల తన గుడిసెకు వెళ్లిపోయే మనిషి. కొడుకు హన్మంతు మస్కట్‌లో ఉన్నాడు. ఇంట్లో ఆమె, నెలలు నిండిన కోడలు. ఇద్దరే. ఒక్కోనాడు రెండు తవ్వలు.

ఒక మంగళవారం సుమిత్ర చేత ఎక్కాలు అప్పజెప్పించుకుంటూ మా ఆయన ఆ నోటుబుక్కు తెరిచారు. వెనక పేజీలు చూశారు. చాలాసేపు చూశారు. పెళ్లయిన పదేళ్లలో ఆయన నన్ను మెచ్చుకున్నది ఆ రోజే. ఇది అసలైన ప్రాథమిక సమాచారమట. మగవాళ్లు చెప్పిన సున్నాలకూ ఆడవాళ్లు పోసే బియ్యానికీ మధ్య ఉన్న తేడా మీద ఇంకో అధ్యాయం రాయవచ్చట. పుస్తకం మొత్తం అనుబంధంగా చేర్చాలట. నా పేరు వేస్తారా అని అడిగాను. కృతజ్ఞతల్లో, ప్రొఫెసర్ గారి తర్వాత, కాలేజీ యాజమాన్యం తర్వాత, టైపిస్టుకు ముందు వేస్తానన్నారు.

మర్నాడు బుధవారం. సారు వచ్చారు. కోడికూర సగంలో ఉండగా మా ఆయన ఉండబట్టలేక తన కొత్త అధ్యాయం గురించి చెప్పారు. తన పరిశోధన గురించి ఇంటి బయటి మనిషి ఒకరు శ్రద్ధగా వినడం ఆయనకు అదే మొదలు. సారు తినడం ఆపి విన్నారు.

"ఎకనామిక్స్ అంటే నాకు మొదటి నుంచీ ఇష్టమండీ" అన్నారాయన, ఎముక పళ్లెం పక్కన పెట్టి. "ఆ బియ్యం పట్టిక ఒక కాపీ నాకూ ఇప్పించండి. వచ్చే బుధవారం తీసుకుంటాను."

మా ఆయన ముఖం వెలిగిపోయింది. తప్పకుండా అన్నారు. పెరటి గుమ్మం దగ్గర గిన్నెలు తోముతున్న సత్తవ్వ చేతిలో పీచు ఆగింది. తర్వాత మళ్లీ తోమడం మొదలుపెట్టింది, అప్పటికే తోమిన గిన్నెనే.

సారు వెళ్లాక ఆ పుస్తకం ఇవ్వవద్దని మా ఆయనకు చెప్పాను. అందులో పేర్లు లేవు కదా, ఇళ్ల నంబర్లే కదా అన్నారు.

"నంబర్లకు పేర్లు మీ మొదటి అనుబంధంల ఉన్నయి" అన్నాను.

ఆయన ఇళ్ల జాబితా ఉన్న ఆ అనుబంధం తీసి చూశారు. "అది రూలు, ఊర్మిళా" అన్నారు.

సారుకు ఇదంతా ఎందుకో ఆలోచించారా అని అడిగాను. ఆయన చెప్పారు కదా, అర్థశాస్త్రం మీద ఆసక్తి అని, నీకు అందరి మీదా అనుమానమే అన్నారు. అబద్ధం చెబుతున్న ముఖం కాదు అది. మా ఆయన ఎవరికీ కీడు తలపెట్టే మనిషి కాదు, చదువుకున్న మనిషి. కాపీ రాసే పని నాకే అప్పగించారు. నా చేతిరాత గుండ్రంగా ఉంటుందట.

*

గురువారం సత్తవ్వ పనికి రాలేదు. శుక్రవారం వచ్చింది. వాకిలి ఊడ్చి, చీపురు గోడకు ఆనించి, వంటింటి గడప బయట నిలబడింది.

"దొరసాని, నా బియ్యం గూడ రాసినవా?"

లేదని చెప్పడం తేలిక. "రాసిన" అన్నాను.

ఆమె గడప పక్కన కూర్చుంది. కోపంగా లేదు. నేను సరిగా వినాలని మెల్లగా మాట్లాడింది.

"ఆకలైతాందని తలుపు కొట్టినోణ్ని నువ్వు ఏ పార్టీ అని అడుగుతనా? పోయిన నెల టోపీల పోలీసోళ్లు గూడ వచ్చి తిన్నరు, ఆరుగురు. వాళ్లకూ పెట్టిన. గది గూడ రాసినవా?"

ఎవరు తిన్నదీ రాయలేదని, బియ్యం మాత్రమే రాశానని చెప్పాను.

"నువ్వు బియ్యమే రాసినవు" అంది సత్తవ్వ. "తిన్నోళ్ల పేర్లు నా కోడల్ని కొట్టి రాయించుకుంటరు. దానికిప్పుడు తొమ్మిదో నెల."

ఆమె లేచి గిన్నెల దగ్గరికి వెళ్లింది. కోడలిని కొన్నాళ్లు పుట్టింటికి పంపుదామంటే ఆ ఊళ్లో ఇంకా ఎక్కువ సోదాలట. బుధవారానికి అయిదు రోజులు ఉంది. ఇరవై రెండు ఇళ్లు నా గుండ్రటి చేతిరాతలో ఉన్నాయి.

మా ఆయనతో మళ్లీ వాదించలేదు. ఆయనతో వాదిస్తే నిర్వచనాలు వస్తాయి. సత్తవ్వ సంగతి చెప్పి మామగారిని వేడుకోవచ్చు. కానీ గడీ వదిలి వచ్చాక ఆయనకు గిన్నెలు తోమేవాళ్ల మీద జాలి మిగల్లేదు. ఇరవై రెండు ఇళ్ల కోసం ఆయన మజ్జిగ గ్లాసు కూడా పక్కన పెట్టరు. ఆయన్ని కదిలించే ఇల్లు తొంభైలో ఒక్కటే ఉంది. అది మొదటి పేజీలో ఉంది.

మధ్యాహ్నం అత్తగారూ నేనూ చాటలు ముందు పెట్టుకుని కూర్చున్నాం. ఆవిడకు రాళ్లు సరిగా కనిపించవు, అందుకని మాటలు ఎక్కువ వింటారు. పుస్తకం కాపీ రాయడం మొదలుపెట్టాలనీ, మొదటి పేజీ దగ్గరే ఒక సందేహం వచ్చిందనీ అన్నాను.

"ఏంది బిడ్డా?"

"మొదటి ఇల్లు మనదే అత్తమ్మా. బుధవారం ఒకరు ఎక్కువ అని రాసిన. సారు పేరు రాయాల్నా, ఉత్త పోలీసు సారు అని రాయాల్నా?"

ఆవిడ చేతిలో బియ్యం అలాగే ఉండిపోయాయి. ఆ పుస్తకం ఎవరెవరు చదువుతారని అడిగారు. ఒక కాపీ సారుకు, ఒక కాపీ ప్రొఫెసర్ గారికి, ఒకటి యూనివర్సిటీ లైబ్రరీకి అని చెప్పాను. లైబ్రరీలో ఎవరైనా కూర్చుని చదువుకోవచ్చని కూడా చెప్పాను. యూనివర్సిటీలో చదివి అక్కడి నుంచి తిన్నగా అడవిలోకి వెళ్లిన పిల్లలు మా చుట్టాల్లోనే ఇద్దరున్నారు. ఆ సంగతి నేను గుర్తు చేయనక్కర్లేదు.

 అత్తగారు చేతిలోని బియ్యం రాళ్లతో సహా చాటలో పోశారు.

"నువ్వు ఇప్పుడే కాపీ రాయకు" అన్నారు. "రేపు తలంటున్నది."

*

శనివారం పొద్దున పెరట్లో రాగి కాగు కింద మంట నేనే పెట్టాను. కట్టెలు ముందు రోజు వానకు తడిసి రాజుకోలేదు. ఎండు కాగితం కావాల్సి వచ్చింది. సుమిత్ర ఎక్కాలు ఉన్న సగం చించి దాచి, మిగతా సగం ఒక్కొక్క పేజీ పెట్టాను. తొంభై ఇళ్లకు ముప్పై పేజీలు. మామగారు ఏం నిర్ణయిస్తారో అప్పటికి నాకు తెలియదు. నిర్ణయం ఏదైనా నీళ్లు కాగాలి కదా.

సత్తవ్వ అక్కడే గిన్నెలు తోముతోంది. ఆమెకు అక్షరాలు రావు. కానీ నేను పెట్టే పేజీలను ఒక్కొక్కటీ చూస్తోంది. పదిహేడో ఇల్లున్న పేజీ పెట్టేటప్పుడు ఇది నీది అని చెప్పాను. లేచి వచ్చి, కట్టెతో తానే దాన్ని లోపలికి నెట్టింది.

మామగారు పీట మీద కూర్చున్నారు. అత్తగారు తలకు నూనె పెట్టారు. ఆ రోజు చాలాసేపే పెట్టారు. మాటలు నాకు వినపడలేదు. ఒకసారి మాత్రం మామగారు తల ఎత్తబోతే, అత్తగారి చేతులు ఎత్తనివ్వలేదు. తర్వాత ఆయన తలంటు పోసుకుని, నీళ్లు ఈ రోజు బాగా కాగాయని అన్నారు.

మధ్యాహ్నం అందరం భోజనాలకు కూర్చున్నాం. అంటే వాళ్లు కూర్చున్నారు, నేను వడ్డించాను. పప్పు అయింది, పులుసు అయింది. మా ఆయన కొత్త అధ్యాయం పేరు ఏం పెట్టాలో చెబుతున్నారు. మామగారు తింటున్నారు. మజ్జిగ పోశాను. ఆయన అన్నం కలిపారు, ఒక ముద్ద తిన్నారు, గొంతు సవరించుకున్నారు.

"కరుణాకర్, నాకు రాత్రి ఒకటి తోచింది. గా బియ్యం పుస్తకం ఇల్లు దాటద్దు. కాలవెట్టుర్రి. సారుకు కాపీ లేదు, మీ ప్రొఫెసర్‌కు గూడ లేదు."

మా ఆయన నోట్లో ముద్ద అలాగే ఆగింది. అది ప్రాథమిక సమాచారమని, మూడు నెలల పని అని, వచ్చే బుధవారం సారుకు మాట ఇచ్చానని ఏవేవో చెప్పబోయారు. ఆయన వంక నేను చూడలేదు. మూడు నెలల పని ఎవరిదో ఆయన చెప్పే వరుసలో మళ్లీ రాలేదు.

"సారు సంగతి గూడ చెప్తున్న ఇను" అన్నారు మామగారు. "ఇగ బుధవారం మనింట్ల ఆయనకు భోజనం లేదు. మీ అమ్మకు మోకాళ్లు పట్టుకున్నయి, వంట అయితలేదు."

నాలుగేళ్లుగా వంటింట్లో గరిటె పట్టని అత్తగారు, పీట మీద కాస్త పక్కకు ఒరిగి, మోకాలు పట్టుకున్నారు.

పెరటి గుమ్మం దగ్గర సత్తవ్వ తన అన్నం గిన్నె పట్టుకుని నిలబడి ఉంది. ఇంకొంచెం పెట్టాను. కోడలికి కూడా అని చెప్పాను. అది ఏ ప్రశ్న కిందికి వస్తుందో ఎవరూ అడగలేదు.

మా ఆయన చివరికి ముద్ద మింగి, తండ్రి వైపు చూశారు.

"మరి నలభై ఏడో ప్రశ్నకు ఏం రాయాలె బాపు?"

"సున్న రాసినం గద" అన్నారు మామగారు, మజ్జిగకు చేయి చాపుతూ. "సున్ననే ఉండని."